ఒకే ఫైల్‌ని 186 ఫోల్డర్లలోకి ఒకేసారి కాపీ చేయడం ఎలా?

హిమాయత్‌నగర్ లెడ్జర్ | సోమవారం, ఉదయం 11:40

అందరికీ నమస్కారం. హిమాయత్‌నగర్‌లో ఒక ఆడిటర్ గారి ఆఫీసులో పనిచేస్తాను. రోజంతా కంప్యూటర్ ముందే గానీ నేను కంప్యూటర్ మనిషిని కాదు. మా డి డ్రైవ్‌లో 'క్లయింట్లు' అని ఒక ఫోల్డర్ ఉంది. లోపల ఒక్కో క్లయింట్‌కి ఒక్కో ఫోల్డర్, మొత్తం 186. దాంట్లో మళ్ళీ ఏడాదికొకటి. మార్చి 31 దాటగానే సార్ ఒక ఎక్సెల్ చెక్‌లిస్ట్ తయారుచేసి ఇస్తారు. దాన్ని ప్రతి క్లయింట్ కొత్త ఏడాది ఫోల్డర్లో పెట్టాలి.

పోయినేడు ఎలా చేశానంటే, ఫోల్డర్ తెరువు, కంట్రోల్ వి కొట్టు, వెనక్కి రా, తర్వాతది తెరువు. భోజనం అయ్యాక మొదలుపెడితే సాయంత్రం టీ వచ్చేసరికి 'ఎమ్' అక్షరం దాకా వచ్చాను. మొత్తం అయ్యాక సార్ వచ్చి "మూడో వరుసలో ఏడాది తప్పు పడిందయ్యా" అన్నారు. మళ్ళీ మొదట్నుంచీ.

ఈసారి అంత ఓపిక లేదు. ఉన్నది విండోస్ 10. కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించుకునే పర్మిషన్ లేదు. ఉపాయం చెప్పండి.

కూకట్‌పల్లి కీబోర్డ్ | 11:52

అన్నా, కంట్రోల్ ఏ కొట్టి అన్ని ఫోల్డర్లూ సెలెక్ట్ చేసి పేస్ట్ కొడితే అయిపోదా?

హిమాయత్‌నగర్ లెడ్జర్ | 12:05

అది పోయినేడే చేసి చూశాను తమ్ముడూ. ఫైల్ వాటి లోపలికి పోలేదు, వాటి పక్కన వచ్చి కూర్చుంది.

రామ్‌నగర్ రౌటర్ | 12:30

లెడ్జర్ గారూ, కొత్తగా ఏమీ ఎక్కించక్కర్లేదు, విండోస్‌లో ఉన్నదే చాలు. కమాండ్‌ని ఇక్కడ పేస్ట్ చేయకుండా మాటల్లోనే చెప్తాను. ఎందుకంటే ఇలాంటి చోట్ల పేస్ట్ చేస్తే నిటారు కోట్ గుర్తులు వంకర కోట్లుగా మారిపోతాయి. మీరు కాపీ చేసుకుని కొడితే అది పనిచేయదు, తప్పెక్కడో కంటికీ కనబడదు. మీ వేళ్ళతోనే టైప్ చేయండి.

ముందు 'క్లయింట్లు' ఫోల్డర్ తెరవండి. పైన అడ్రస్ బార్‌లో ఉన్నది చెరిపేసి ఇంగ్లీషులో సి, ఎమ్, డి అని కొట్టి ఎంటర్ నొక్కండి. నల్ల కిటికీ సరిగ్గా ఆ ఫోల్డర్ దగ్గరే తెరుచుకుంటుంది.

ఇప్పుడు ఇలా: ఫర్, స్పేస్, స్లాష్ డి, స్పేస్, శాతం గుర్తు ఐ, స్పేస్, ఇన్, స్పేస్, గుండ్రటి బ్రాకెట్లలో నక్షత్రం గుర్తు, స్పేస్, డు, స్పేస్, ఎకో, స్పేస్, కాపీ, స్పేస్, కోట్స్ మధ్య మీ చెక్‌లిస్ట్ ఫైల్ పూర్తి పాత్, స్పేస్, కోట్స్ మధ్య శాతం ఐ, బ్యాక్‌స్లాష్, 2025-26, బ్యాక్‌స్లాష్.

స్లాష్ డి అంటే ఇక్కడున్న ఫోల్డర్లను మాత్రమే ఒక్కొక్కటిగా తీసుకో అని. శాతం ఐ చోట ఒక్కో ఫోల్డర్ పేరు వచ్చి చేరుతుంది. 'ఎకో' ఉన్నంతసేపూ అది ఏదీ కాపీ చేయదు, ఏం చేయబోతోందో తెర మీద రాసి చూపిస్తుంది, అంతే. ఆ వరసలు చదువుకుని, బాగున్నాయనిపిస్తే పైకి బాణం నొక్కి, ఎకో తీసేసి ఎంటర్ కొట్టండి.

రెండు జాగ్రత్తలు. కోట్స్ మర్చిపోవద్దు. ఆడిటర్ ఆఫీసంటే 'ఫలానా అండ్ సన్స్' పేర్లు చాలా ఉంటాయి కదా, ఆ అండ్ గుర్తు కోట్స్ బయట పడితే అక్కడితో ఒక కమాండ్ అయిపోయింది, తర్వాతది ఇంకో కమాండ్ అనుకుంటుంది. చివర బ్యాక్‌స్లాష్ కూడా మర్చిపోవద్దు. ఎందుకో ఇప్పుడు చెప్తే బోర్ కొడుతుంది.

పెంగ్విన్ ఉప్పల్ | 12:41

లైనక్స్‌లో అయితే ఎక్స్‌ఆర్గ్స్‌తో ఒక్క ముక్క. ఊరికే చెప్తున్నా.

ఫ్లాష్ బాబాయ్ | 12:44

ఆయన అడిగింది విండోస్ గురించి నాయనా.

పెంగ్విన్ ఉప్పల్ | 12:58

తెలుసు బాబాయ్. కానీ ఒక సంగతి అందరికీ పనికొస్తుంది. చాలామంది లైనక్స్‌లో కాపీ చేసే సీపీ కమాండ్‌కి ఒక ఫైల్ ఇచ్చి వెనకాల పది ఫోల్డర్ల పేర్లు రాస్తారు, పదింట్లోకీ పోతుందనుకుని. సీపీకి ఎన్ని పేర్లిచ్చినా చివరిదొక్కటే గమ్యం, ముందున్నవన్నీ కాపీ కావాల్సిన సరుకే. మధ్యలో ఉన్న ఫోల్డర్లను 'వదిలేస్తున్నా' అని చెప్పి దాటేస్తుంది. ఆఖరి ఫోల్డర్ తెరిచి చూస్తే ఫైల్ ఉంటుంది, అయిపోయిందనుకుని లేచిపోతాం. అందుకే ఒక్కో ఫోల్డర్‌కి సీపీని ఒక్కోసారి పిలవాలి. ఎక్స్‌ఆర్గ్స్ చేసే పని అదే.

హిమాయత్‌నగర్ లెడ్జర్ | మంగళవారం, మధ్యాహ్నం 3:15

రౌటర్ మేడమ్, మీరు చెప్పింది అర్థమైంది గానీ నేను కొంచెం అతితెలివికి పోయాను. సార్ మొదట 40 మందికే పెట్టమన్నారు. అందుకని ఆ 40 పేర్లూ నోట్‌ప్యాడ్‌లో వరసకొకటి రాసుకుని, నెట్‌లో ఎక్కడో చూసిన స్లాష్ ఎఫ్ పద్ధతిని బ్యాచ్ ఫైల్‌గా (కమాండ్లు రాసిపెట్టుకుని నడిపే ఫైల్) రాసి ఆ లిస్ట్ చదివించాను. పేరు తర్వాత 2025-26 గానీ చివర బ్యాక్‌స్లాష్ గానీ పెట్టలేదు, ఒప్పుకుంటున్నా. తెర మీద 'ఒక ఫైల్ కాపీ అయింది' అని టకటకా 40 సార్లు వచ్చింది. సంతోషపడి సార్‌కి చెప్పేశాను కూడా.

తీరా తెరిచి చూస్తే ఒక్క ఫోల్డర్లోనూ లేదు. 'క్లయింట్లు'లో మాత్రం కొత్తగా కొన్ని వింత ఫైళ్ళు. తెల్లకాగితం బొమ్మ, ఎక్స్‌టెన్షన్ లేదు. ఒకదాని పేరు 'శ్రీ', ఒకటి 'సాయి', ఒకటి 'లక్ష్మి'. నొక్కితే దేనితో తెరవమంటావ్ అని అడుగుతోంది. ఇదేం మాయ?

రామ్‌నగర్ రౌటర్ | 3:32

నవ్వినందుకు ఏమీ అనుకోవద్దు. మాయేం లేదు, రెండు సంగతులు ఒకదాని మీద ఒకటి పడ్డాయి.

మొదటిది, వేరే ఏమీ చెప్పకపోతే స్లాష్ ఎఫ్ స్పేస్ దగ్గర వరసను విరగ్గొట్టి మొదటి ముక్కే తీసుకుంటుంది. మీ లిస్ట్‌లో 'శ్రీ వెంకటేశ్వర ట్రేడర్స్', 'శ్రీ దుర్గా ఏజెన్సీస్', 'శ్రీ బాలాజీ స్టీల్స్' లాంటివి ఉండుంటాయి. దానికి అందరూ ఉత్త 'శ్రీ'యే.

రెండోది, 'శ్రీ' అనే ఫోల్డర్ లేదు. గమ్యం ఫోల్డర్ లేకపోతే కాపీ కమాండ్ ఆగిపోదు. 'ఓహో, ఈ పేరుతో ఫైల్ కావాలన్నమాట' అనుకుని మీ చెక్‌లిస్ట్‌నే 'శ్రీ' అనే పేరుతో రాసేస్తుంది. బ్యాచ్ ఫైల్లో కాపీ అడగకుండానే మీద రాసేస్తుంది కాబట్టి, తర్వాత వచ్చిన శ్రీ దాని మీదే, ఆ తర్వాతది మళ్ళీ దాని మీదే. అందుకే 40 సార్లు కాపీ అయింది, ఫైళ్ళు మాత్రం పిడికెడే మిగిలాయి. చివర బ్యాక్‌స్లాష్ పెట్టి ఉంటే 'అలాంటి ఫోల్డర్ లేదు' అని మొదటి వరసలోనే మొత్తుకునేది. బోర్ కొడుతుందని నిన్న వదిలేసింది ఇదే!

ఆ 'శ్రీ' ఫైల్ చివర డాట్ ఎక్స్ఎల్ఎస్ఎక్స్ అని తగిలించి చూడండి, మీ చెక్‌లిస్ట్ శుభ్రంగా తెరుచుకుంటుంది.

లిస్ట్ పద్ధతే కావాలంటే స్లాష్ ఎఫ్ పక్కన కోట్స్‌లో డెలిమ్స్, ఈక్వల్ గుర్తు పెట్టి, దాని తర్వాత ఏమీ రాయకుండా కోట్స్ మూసేయండి. ఎక్కడా విరగ్గొట్టకు, వరస మొత్తం తీసుకో అని దానర్థం.

హిమాయత్‌నగర్ లెడ్జర్ | 3:50

తగిలించాను, తెరుచుకుంది! ఇంకో తమాషా చూడండి, శ్రీ ఒకటి కాదు, మూడున్నాయి. ఇంగ్లీషు స్పెల్లింగ్ ఒక్కోరు ఒక్కోలా రాసుకున్నారు. ఎస్ తర్వాత హెచ్ పెట్టినవాళ్ళది ఒక శ్రీ, రెండు ఈలు పెట్టినవాళ్ళది ఒకటి, మామూలుది ఒకటి.

నల్లకుంట టీచర్ | సాయంత్రం 5:10

మీ శ్రీల గోల చదివాక నా గోల చెప్పాలనిపించింది. నేను పిల్లల ప్రాజెక్టులకి తెలుగులోనే ఫోల్డర్లు పెడతాను, ఏరియాల పేర్లతో. ఉప్పల్, అంబర్‌పేట, మలక్‌పేట, ఇలా. ఇలాగే లిస్ట్ రాసి బ్యాచ్ ఫైల్ నడిపితే మొదటిరోజు పేర్లన్నీ పిచ్చి అక్షరాలయ్యాయి. మా అబ్బాయి బ్యాచ్ ఫైల్ మొదటి వరసలో సీహెచ్‌సీపీ 65001 అని పెట్టమన్నాడు, లిస్ట్‌ని యూటీఎఫ్-8లో సేవ్ చేయమన్నాడు. అది కుదిరింది. నల్ల కిటికీలో తెలుగు అక్షరాలు ఇప్పటికీ డబ్బాల్లా కనిపిస్తాయి గానీ ఫైళ్ళు మాత్రం సరైన చోటికే పోతున్నాయి.

అయినా 'ఉప్పల్'కి మాత్రం పోవట్లేదు. ఫోల్డర్ లేదంటుంది. కళ్ళెదురుగానే ఉంది! చివరికి పట్టుబడింది ఏంటంటే, ఆ ఫోల్డర్ పేరు మొదట 'ఉప్పల్‌లో' అని కొట్టి తర్వాత 'లో' చెరిపేశాను. పొల్లుకీ 'లో'కీ మధ్య, అవి కలిసిపోయి ఒత్తు పడకుండా, కీబోర్డ్ ఒక కనిపించని అక్షరం పెడుతుంది. నేను 'లో' చెరిపినా అది అక్కడే మిగిలిపోయింది. పేరు మార్చడానికి ఎఫ్2 నొక్కి చివర ఒక బ్యాక్‌స్పేస్ కొడితే ఏమీ చెరగనట్టే ఉంది. నిజానికి అప్పుడే అది పోయింది. తర్వాత ఫైల్ వెళ్ళింది.

రామ్‌నగర్ రౌటర్ | 5:26

టీచర్ గారూ, దాని పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్. యూనికోడ్‌లో 200సి. విండోస్ దాన్ని మామూలు అక్షరం లాగే లెక్కేస్తుంది, కాబట్టి చూపుకి ఒకేలా ఉండే రెండు 'ఉప్పల్' ఫోల్డర్లు పక్కపక్కనే ఉండగలవు. పేర్లు మనం టైప్ చేస్తేనే ఈ తిప్పలు. స్లాష్ డి పద్ధతిలో పేర్లను డిస్క్ నుంచే తీసుకుంటుంది కాబట్టి ఈ గొడవ రాదు.

కూకట్‌పల్లి కీబోర్డ్ | రాత్రి 8:02

ఇంత కష్టం ఎందుకు? రోబోకాపీ ఉంది కదా. స్లాష్ ఎమ్ఐఆర్ పెట్టి కొట్టెయ్ అన్నా, ఫటాఫట్ అయిపోతుంది.

రామ్‌నగర్ రౌటర్ | 8:06

లెడ్జర్ గారూ, ఆగండి!! అది కొట్టకండి.

ఎమ్ఐఆర్ అంటే మిర్రర్. ఇటువైపు ఏముందో అటువైపు కూడా సరిగ్గా అంతే ఉండేలా చేస్తుంది. ఇటు లేనివి అటు ఉంటే తుడిచేస్తుంది. మీ చెక్‌లిస్ట్ ఒక్కటే ఉన్న ఫోల్డర్‌ని ఒక క్లయింట్ ఫోల్డర్ మీదికి మిర్రర్ చేస్తే అక్కడున్న రిటర్నులు, బ్యాలెన్స్ షీట్లు అన్నీ పోతాయి. రీసైకిల్ బిన్‌లో కూడా ఉండవు.

ఇది నేను పుస్తకంలో చదివి చెప్పట్లేదు. నా మొదటి ఉద్యోగంలో ఒక ఖాళీ ఫోల్డర్‌ని ఇలాగే మిర్రర్ చేశాను. ఆఫీస్ పేరు వద్దు. పాత బ్యాకప్ నుంచి తిరిగి తెచ్చుకోవడానికి శని, ఆదివారాలు రెండూ పోయాయి. ఆ శనివారం మా పిన్ని కూతురి పెళ్ళి కూడా.

రోబోకాపీ మంచిదే, విస్టా నుంచి విండోస్‌తోనే వస్తోంది. ముందు స్లాష్ ఎల్ పెట్టి నడిపితే ఏం చేస్తుందో లిస్ట్ మాత్రమే చూపిస్తుంది. అయిపోయాక వచ్చే నంబర్ చూసి కంగారు పడొద్దు. 1 వస్తే కాపీ అయిందని అర్థం, తప్పని కాదు. 8 గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తేనే ఏదో కాపీ కాలేదని. కానీ మీ పనికి అంత పెద్ద కత్తి అక్కర్లేదు.

కూకట్‌పల్లి కీబోర్డ్ | 8:15

సారీ అక్కా. మా ఇంట్లో రెండు హార్డ్ డిస్క్‌లకి అలాగే చేస్తా, అందుకే చెప్పిన.

రామ్‌నగర్ రౌటర్ | 8:18

దానికైతే సరైనదే. అది బ్యాకప్ డిస్క్ కాబట్టి.

ఫ్లాష్ బాబాయ్ | 9:40

నాది దీనికి అటువైపు కథ. దిల్‌సుఖ్‌నగర్‌లో స్టూడియో. పెళ్ళి రాత్రి కార్డులోది ఒక పాత హార్డ్ డిస్క్‌లోకి దించి, దాన్నుంచి మూడు చోట్ల పెట్టుకుంటా, స్టూడియో కంప్యూటర్, ఇంకో హార్డ్ డిస్క్, పార్టీకిచ్చే పెన్‌డ్రైవ్. మూడు కాపీ విండోలు ఒకేసారి పెడితే తొందరగా అవుతుందనుకునేవాణ్ణి. అవదు. ఒకే పాత హార్డ్ డిస్క్ నుంచి మూడూ చదవబోతే లోపలి ముల్లు ఇటూ అటూ పరిగెత్తుతూనే ఉంటుంది, మూడూ నత్తనడకే. ఒకదాని తర్వాత ఒకటి పెట్టడమే మేలు.

ఇంకోటి. వీడియో 4 జీబీ దాటితే కొన్ని పెన్‌డ్రైవ్‌లు తీసుకోవు, 30 జీబీ ఖాళీ ఉన్నా సరే. అది ఫ్యాట్32 అనే ఫార్మాట్ పెట్టిన గీత. ఎక్స్‌ఫ్యాట్‌కి ఫార్మాట్ చేస్తే పోతుంది. అందులో ఉన్నవి కూడా పోతాయి, ముందే తీసి పెట్టుకోండి.

పోయినేడు కోఠీలో ఒకచోట అగ్గువకి వస్తోందని పెద్ద పెన్‌డ్రైవ్ కొన్నా. కాపీ చక్కగా అయింది, ఫొటోల పేర్లన్నీ కనిపించాయి. పార్టీ వాళ్ళింట్లో టీవీకి పెడితే తలంబ్రాల దాకా వచ్చి, అక్కడి నుంచి ఒక్కటీ తెరుచుకోలేదు. లోపల చిప్ చిన్నది, పైన నంబర్ పెద్దది. నిండిపోయాక రాసిందంతా గాల్లోకే. అప్పట్నుంచి కొత్త పెన్‌డ్రైవ్ కొంటే ముందు హెచ్‌2టెస్ట్‌డబ్ల్యూతో నింపి చూస్తా. ఆ పెళ్ళికూతురి తండ్రి ముఖం ఇప్పటికీ గుర్తే.

పెంగ్విన్ ఉప్పల్ | 10:05

లెడ్జర్ అన్నా, ఒక డౌట్. 186 కాపీలు అసలు ఎందుకు? ఒక్కటి ఒకచోట పెట్టి మిగతా చోట్ల లింకులు పెట్టుకుంటే, సార్ మార్పు చెప్పినప్పుడు ఒక్కచోట మారిస్తే చాలు కదా?

హిమాయత్‌నగర్ లెడ్జర్ | బుధవారం, ఉదయం 10:20

చెక్‌లిస్ట్ అందరికీ ఒకటే గానీ, ఒక్కో క్లయింట్‌కి వేరేగా నింపుతాం తమ్ముడూ. దానికి లింక్ కుదరదు. అయితే దాంతోపాటు ఒక పీడీఎఫ్ సూచనల కాగితం కూడా ఉంది. అది ఎవరూ మార్చరు.

రామ్‌నగర్ రౌటర్ | 10:45

అయితే పీడీఎఫ్‌కి హార్డ్ లింక్ పెట్టొచ్చు. కాపీ అన్నచోట ఎమ్‌కేలింక్ స్లాష్ హెచ్ రాయాలి. దీనికి ముందు కొత్త పేరు, తర్వాత అసలు ఫైల్, కాపీకి తిరగేసి. ఒకే ఫైల్‌కి 186 పేర్లు, డిస్క్‌లో చోటు ఒక్కదానికే. ఒకే డ్రైవ్‌లో ఉండాలి, ఆ డ్రైవ్ ఎన్‌టీఎఫ్‌ఎస్ ఫార్మాట్‌లో అయ్యుండాలి. ఒక ఫైల్‌కి వెయ్యి పైచిలుకు పేర్ల దాకా పెట్టుకోవచ్చు, మీ 186 ఒక లెక్క కాదు.

ఎక్సెల్ ఫైళ్ళకి మాత్రం ఈ పని చేయకండి. ఎక్సెల్ సేవ్ చేసేటప్పుడు కొత్త ఫైల్ రాసి పాతదాని స్థానంలో పెడుతుంది, దాంతో ఆ ఒక్క పేరు గుంపులోంచి విడిపోతుంది. మీకు తెలియను కూడా తెలియదు.

హిమాయత్‌నగర్ లెడ్జర్ | మధ్యాహ్నం 2:30

అయింది! ముందు అన్ని ఫోల్డర్లలో 2025-26 తయారుచేయించాను, కాపీ బదులు ఎమ్‌డీ పెట్టి. ముందే ఉన్న చోట్ల 'ఇది ఇప్పటికే ఉంది' అని గొణిగి ముందుకు పోయింది. తర్వాత ఎకోతో చూసుకుని, ఎకో తీసేసి కొట్టాను. టీ కప్పు కింద పెట్టేలోపు అయిపోయింది. పోయినేడు రెండు పూటల పని.

లెక్క కూడా చూశాను. ఎక్స్‌ప్లోరర్‌లో చెక్‌లిస్ట్ పేరు కొట్టి వెతికితే 187 వచ్చాయి. ఒకటెక్కువేంటా అని చూస్తే, 'పాతవి' అని మేమే పెట్టుకున్న ఫోల్డర్ కూడా అక్కడే ఉంది, దాన్నీ క్లయింటే అనుకుంది.

ఫ్లాష్ బాబాయ్ | 2:41

దానికేం తెలుసు పాపం, ఎవరు ఫీజు కడతారో.

హిమాయత్‌నగర్ లెడ్జర్ | గురువారం, మధ్యాహ్నం 12:10

అందరూ ఉన్నారా? చిన్న టెన్షన్.

ఇందాక సార్ వచ్చి మళ్ళీ ఒక మార్పు చెప్పారు. ఈసారి ఏడో వరస. నేను ధీమాగా అసలు చెక్‌లిస్ట్‌లో మార్చి, నల్ల కిటికీలో పైకి బాణం నొక్కి ఎంటర్ కొట్టాను. మీద రాయమంటావా అని ఒక్కో ఫోల్డర్‌కీ అడుగుతుంటే విసుగొచ్చి, ఆపేసి, కాపీ పక్కన స్లాష్ వై పెట్టి మళ్ళీ కొట్టాను. మార్పు అన్నిట్లోకీ వెళ్ళింది. తర్వాత మా జూనియర్ అమ్మాయి వచ్చి, "సార్, నిన్న సాయంత్రం నేను నింపిన నాలుగూ ఖాళీగా ఉన్నాయేంటి?" అంది.

రామ్‌నగర్ రౌటర్ | 12:14

అయ్యో. స్లాష్ వై అంటే అడగొద్దు, మీద రాసెయ్ అని. ఆ నాలుగు ఫైళ్ళలో ఒకదాని మీద రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో ప్రీవియస్ వెర్షన్స్ ఏమైనా ఉన్నాయా చూడండి. తనవైపు ఎక్సెల్ తెరిచే ఉంటే మూయొద్దని చెప్పండి. మెయిల్‌లో ఎవరికైనా పంపిందా?

హిమాయత్‌నగర్ లెడ్జర్ | 12:31

ప్రీవియస్ వెర్షన్స్ ఖాళీ. ఎక్సెల్ మూసేసింది. మెయిల్ పంపలేదు.

హిమాయత్‌నగర్ లెడ్జర్ | 12:48

దొరికాయి! సార్ సంతకం కోసం నిన్నే నాలుగూ ప్రింట్ తీసిందట. సార్ టేబుల్ మీద పేపర్‌వెయిట్ కింద ఉన్నాయి. ఇప్పుడు ఆమె చదువుతుంటే నేను టైప్ చేస్తున్నా. ఆమే అలా చేయమంది, న్యాయమే.

ఫ్లాష్ బాబాయ్ | 1:05

కాగితం గెలిచింది.

కూకట్‌పల్లి కీబోర్డ్ | 1:20

అక్కా, ఉన్నవాటి జోలికి పోకుండా, లేని చోట మాత్రమే పెట్టాలంటే ఎట్లా?

రామ్‌నగర్ రౌటర్ | 1:33

డు తర్వాత, కాపీకి ముందు ఇఫ్ నాట్ ఎగ్జిస్ట్ అని రాసి, కోట్స్‌లో అక్కడ ఉండాల్సిన ఫైల్ పూర్తి పేరు ఇవ్వాలి. శాతం ఐ, బ్యాక్‌స్లాష్, 2025-26, బ్యాక్‌స్లాష్, చెక్‌లిస్ట్ పేరు ఎక్స్‌టెన్షన్‌తో సహా. ఉంటే ముట్టుకోదు. కానీ లెడ్జర్ గారి ఏడో వరస మార్పు అప్పటికే పెట్టేసిన 186 ఫైళ్ళలో దేనికీ వెళ్ళదు. ముందు నింపినవాటి పేరు మార్చి పక్కన పెట్టుకుని, మిగతావాటి మీద స్లాష్ వైతో రాయించి, ఆ నాలుగింట్లో చేత్తో దిద్దుకోవాలి.

కూకట్‌పల్లి కీబోర్డ్ | 1:40

బ్యాచ్ ఫైల్‌గా రాసి డెస్క్‌టాప్ మీద పెట్టుకుంటే సరిపోతదా?

రామ్‌నగర్ రౌటర్ | 1:47

డెస్క్‌టాప్ మీద పెట్టి డబుల్ క్లిక్ చేస్తే డెస్క్‌టాప్ మీదున్న ఫోల్డర్లలోనే పెట్టబోతుంది, 'క్లయింట్లు' దాకా పోదు. 'క్లయింట్లు' లోపలే పెట్టు. బ్యాచ్ ఫైల్లో శాతం గుర్తు ఒకటి కాదు, రెండు పెట్టాలి.

హిమాయత్‌నగర్ లెడ్జర్ | సాయంత్రం 4:55

నాలుగూ నింపేశాం. ఏడో వరసతో సహా. మేడమ్, రేపట్నుంచి ఆ నల్ల కిటికీ తెరిచే ముందు ఆ అమ్మాయికి చెప్పి తెరవాలట, సార్ రూల్ పెట్టారు.